నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయి?



మా నూజివీడు వైపు తుపాను అనగానే ముందు గుర్తొచ్చేది గాలి. మామిడి తోటల మీద బతికేవాళ్ళం కాబట్టి ఏ గాలి ఎంత కాయ రాలుస్తుందన్నదే మా లెక్క. మార్చిలో గాలి వీస్తే పిందె పోతుంది. మేలో వీస్తే కోతకొచ్చిన రసాలు, బంగినపల్లి నేలపాలవుతాయి. 1990 మే 9న కృష్ణానది ముఖద్వారం దగ్గర తీరం దాటిన పెను తుపాను మా దగ్గర ఇప్పటికీ కాయల లెక్కలోనే మిగిలి ఉంది. చెట్టు మీద ఎంత నిలిచింది, కింద ఎంత రాలింది, రాలుడు కాయను ఎవరు ఎంతకు తెగనమ్ముకున్నారు, పెద్దవాళ్ళను కదిలిస్తే ఈ మాటలే వస్తాయి. సముద్రం లేచి ఊళ్ళోకి రావడం, మనిషి నిలువును మించి నీరు నిలబడటం మా మెట్టవాళ్ళం చూసింది కాదు.

చూసినవాళ్ళు మాకు దూరపువాళ్ళేమీ కారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడును ఏలూరులో కలిపారు గానీ, అంతవరకు తరతరాలుగా మాది కృష్ణా జిల్లా. కలెక్టరాఫీసు పని పడితే బందరు బస్సు ఎక్కాల్సిందే. ఆ బందరు, దాని పక్కనున్న దివిసీమ చూసిన నీళ్ళ గురించి ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను. దానికి ముందు ఒక జపాన్ ఊరి సంగతి చెప్పాలి. ఆ ఊరి కథ చదివాకే నాకు బందరు వీధుల్లో లేనిదేమిటో తెలిసింది.

జపాన్ ఈశాన్య తీరంలో, మియాగి ప్రాంతంలో ఇషినోమాకి అనే రేవు పట్టణం ఉంది. కితకామి నదీ ముఖద్వారం దగ్గర పెరిగిన ఊరు. చేపల వేట, ఆల్చిప్పల పెంపకం వాళ్ళ జీవనాధారం. ఆ చుట్టుపక్కలే ఒక పల్లెలో 1938లో షోతారో ఇషినోమోరి అనే బొమ్మల కథల రచయిత పుట్టాడు. జపాన్ వాళ్ళు బొమ్మల కథలను మాంగా అంటారు. పిల్లలు చదువుతారు, ఆఫీసుకు రైల్లో వెళ్ళే పెద్దలూ చదువుతారు. ఇషినోమోరి కుర్రతనంలో సినిమా చూడటానికి ఇంటి నుంచి సైకిలు తొక్కుకుంటూ ఇషినోమాకి వచ్చేవాడట. పెద్దయ్యాక 'సైబోర్గ్ 009', 'కామెన్ రైడర్' లాంటి కథలు సృష్టించాడు. లక్షా ఇరవై ఎనిమిది వేల పేజీలు గీసినందుకు ఆయన పేరు గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. 1998లో కన్నుమూశాడు.

1990లలో ఆ ఊరి నడిబొడ్డున ఉన్న బజారు వెలవెలబోతూ వచ్చింది. కుర్రకారు పెద్ద నగరాలకు వెళ్ళిపోతున్నారు. అప్పుడు ఊరిపెద్దలు, సైకిలు మీద సినిమాకొచ్చిన ఆ కుర్రవాణ్ణే తమ ఊరి గుర్తుగా చేసుకున్నారు. నది మధ్య లంకలో 2001లో ఆయన పేరిట మాంగా మ్యూజియం కట్టారు. రైలు స్టేషను నుంచి మ్యూజియం దాకా దారి పొడవునా ఆయన కథల్లోని పాత్రల విగ్రహాలు నిలబెట్టారు. రైలు దిగిన మనిషి ఆ పాత్రలను పలకరించుకుంటూ ఊరంతా నడిచి నది దాకా చేరతాడు.

2011 మార్చి 11 మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు భూమి కంపించింది. తీవ్రత 9. తర్వాత సునామీ వచ్చింది. ఆ ఒక్క ఊళ్ళోనే మూడున్నర వేల మందికి పైగా చనిపోవడమో, గల్లంతవడమో జరిగింది. మ్యూజియం కింది అంతస్తును నీళ్ళు ముంచెత్తాయి. కొందరు పై అంతస్తులో తలదాచుకుని బతికారు. దారి పక్కన విగ్రహాలు చాలావరకు చెక్కుచెదరకుండా నిలబడ్డాయి. ఊరి దినపత్రిక ఇషినోమాకి హిబి షింబున్ అచ్చుయంత్రం నీట మునిగింది. ఆ పత్రికవాళ్ళు టార్చిలైటు వెలుతురులో, పెద్ద కాగితాల మీద మార్కర్లతో చేతిరాత పత్రిక రాసి శిబిరాల గోడలకు అంటించారు. ఆరు రోజులు అలాగే నడిపారు. ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ అన్నం పెడుతున్నారు, ఏ వీధి ఎంత మునిగింది, ఇవీ ఆ కాగితాల్లోని వార్తలు. పత్రిక అంటే ఏమిటో ఆ ఆరు రోజుల కాగితాలు చూపించినంత బాగా మరేవీ చూపించలేవని నా నమ్మకం.

మ్యూజియాన్ని 2012 నవంబరులో మళ్ళీ తెరిచారు. ఊరు కోలుకోవడం గురించి చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడ ఆగుతారు. నాకు మాత్రం ఆ ఊళ్ళోని రెండు బడుల కథ ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది.

ఒకటి కదొనోవాకి ప్రాథమిక పాఠశాల. దాని వెనకే హియోరియామా అనే గుట్ట. భూమి కంపించగానే బడిలో ఉన్న పిల్లలను పంతుళ్ళు గుట్ట ఎక్కించారు. బడి మునిగింది, కొట్టుకొచ్చిన ఇళ్ళూ కార్లూ అంటుకుని కాలింది కూడా. అప్పటికి బడిలో ఉన్న పిల్లలు బతికారు. రెండోది ఒకావా ప్రాథమిక పాఠశాల. సముద్రానికి దాదాపు నాలుగు కిలోమీటర్ల లోపల, నది గట్టున ఉంది. దీని వెనకా కొండ ఉంది. కానీ అంత దూరం నీళ్ళు వస్తాయన్న తలంపు ఎవరికీ లేకపోయింది. పిల్లలను ముప్పావుగంటకు పైగా బడి ఆవరణలోనే నిలబెట్టారు. 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు చనిపోయారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ముందే సిద్ధంగా ఉండకపోవడం అధికారుల తప్పేనన్న తీర్పు 2019లో సుప్రీంకోర్టులో ఖాయమైంది. ఆ రెండు బడుల గోడలనూ పూర్తిగా కూల్చకుండా, మొండిగోడలుగానే జనం చూడటానికి ఉంచారు. ఇంకా ఉత్తరాన అనెయోషి అనే పల్లెలో ఒక పాత రాయి ఉంది. ఈ రాయికి దిగువన ఇళ్ళు కట్టుకోవద్దని దాని మీద చెక్కి ఉంది. 1933 సునామీ తర్వాత పెద్దలు పాతిన రాయి అది. ఆ మాట విన్నవాళ్ళ ఇళ్ళ దాకా 2011లో నీళ్ళు రాలేదు. ఇషినోమాకి వీధుల్లో కూడా ఇక్కడికి ఇంత ఎత్తున నీళ్ళు వచ్చాయని చెప్పే గుర్తులు కనిపిస్తాయి. బొమ్మలూ ఆ గుర్తులూ ఒకే వీధిలో ఉంటాయి.

ఇక మన దారికి వద్దాం. నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్, గుడివాడ, గుడ్లవల్లేరు, కవుతరం మీదుగా బందరు వెళ్తుంటే నేల రంగు మారుతూ వస్తుంది. ఎర్ర నేల, మామిడి తోపులు వెనకబడి నల్ల నేల, వరి చేలు, చేపల చెరువులు మొదలవుతాయి. నేల చదునైపోతుంది. గుట్ట అన్నది కంటికి కనిపించదు. బందరుకు కాస్త ముందు పెడన వస్తుంది, కలంకారీ అద్దకం ఊరు.

పెడనలో అద్దకం చూసినవాళ్ళకు తెలుసు. టేకు చెక్క మీద తీగలు, పూలు, చిలకలు చెక్కి అచ్చులు చేస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేసిన గుడ్డ బల్ల మీద పరిచి ఉంటుంది. అద్దే మనిషి అచ్చును రంగు మెత్త మీద ఆనించి, గుడ్డ మీద గురి చూసి పెట్టి, పిడికిలితో ఒక్క పోటు పొడుస్తాడు. నలుపు రంగు తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడితే వస్తుంది. ఉడకబెట్టిన గుడ్డలను పారే నీళ్ళలో జాడించి ఆరేస్తారు. ఆ అద్దకాలు ఒకప్పుడు బందరు రేవు నుంచి పర్షియా దాకా, యూరప్ దాకా వెళ్ళాయి. బొమ్మ గీయడం, బొమ్మ చెక్కడం ఈ సీమకు కొత్త విద్య కాదు. 1910లో బందరులో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ నేర్పడానికి బెంగాల్ నుంచి ప్రమోదకుమార ఛటర్జీ వచ్చాడు. ఆయన శిష్యుడు అడివి బాపిరాజు తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాలయ్యాడు.

బందరు కోనేరు సెంటరులో దిగి నడవండి. ఇంగ్లీషుపాలెం, పరాసుపేట, వలందపాలెం. వచ్చి వెళ్ళిన దొరలందరూ పేటల పేర్లలో మిగిలారు. డచ్చి వర్తకుల సమాధులున్న తోట ఒకటి ఉంది. పురావస్తు శాఖ రక్షణలో ఉంది. మూడు వందల ఏళ్ళు దాటిన రాళ్ళు. వాటి మీద పుట్టిన తేదీలు, పోయిన తేదీలు, వంశ చిహ్నాలు ఎంత లోతుగా చెక్కారంటే, వేలితో తడిమి అక్షరం పోల్చుకోవచ్చు. ఆ చెక్కడపు పని ఎంతసేపైనా చూడబుద్ధవుతుంది. అక్కడ నిలబడితేనే ఒక ప్రశ్న కూడా వస్తుంది.

1864 నవంబరు 1 రాత్రి ఈ పట్టణం మీదికి ఉప్పెన వచ్చింది. మామూలు పోటు మట్టం కన్నా పదమూడు అడుగుల ఎత్తున వచ్చిందని పాత లెక్క. బందరూ చుట్టుపక్కల పల్లెలూ కలిసి ముప్ఫై వేల మంది పోయారని ప్రభుత్వ గెజిటీర్ రాసింది. రేవుకు ఆ దెబ్బ తర్వాత పాత వైభవం తిరిగి రాలేదు. ఎక్కడి నుంచో వచ్చి ఇక్కడ పోయిన వర్తకుల పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి. ఈ మట్టిలో పుట్టి ఒక్క రాత్రిలో పోయిన ముప్ఫై వేల మందిలో ఒక్కరి పేరూ నేను నడిచిన వీధుల్లో కనిపించలేదు. నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయని చెప్పే గీత కూడా నా కంట పడలేదు. ఊరి బడుల్లో చదివే పిల్లవాడికి తను నిలుచున్న చోటికి ఒకప్పుడు పోటు మట్టం కన్నా పదమూడు అడుగుల ఎత్తున నీరు వచ్చిందన్న సంగతి చెప్పేవాళ్ళెవరు?

బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి దాటితే అవనిగడ్డ, అదే దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం. ఆ తుపాను సముద్రాన్ని అయిదు మీటర్ల ఎత్తున లేపి తీరం మీదికి తోసింది. అంటే పదహారు అడుగులు. మా తోటల్లో ముదురు మామిడి చెట్టు మొదటి పంగ కన్నా చాలా పైకి. కోడూరు, నాగాయలంక వైపు పల్లెలు, సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీరపు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్ళు పదివేల మంది. అక్కడివాళ్ళను అడిగితే ఆ లెక్క ఒప్పుకోరు. శవాలను గుర్తుపట్టడానికి ఇంటివాళ్ళే మిగలని చోట సామూహికంగా దహనం చేశారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు పోగు చేశారు. దివిసీమవాడే అయిన మండలి వెంకట కృష్ణారావు జనం మధ్యే ఉండి సహాయం నడిపించారు. ఎన్నో సేవా సంస్థలు వచ్చి పక్కా ఇళ్ళు కట్టించాయి. నగ్నముని 'కొయ్యగుర్రం' అనే దీర్ఘ కవిత ఆ ఉప్పెన గురించి రాసిందే.

నాగాయలంక వైపు ఒక పెద్దాయనతో మాట్లాడాను. అప్పటికి ఆయన బడికెళ్ళే పిల్లవాడు. నీళ్ళు ఎంతవరకు వచ్చాయండీ అని అడిగితే, నోటితో చెప్పలేదు. పక్కనున్న తాటిచెట్టు దగ్గరికి నడిచి, చెయ్యెత్తి చూపించబోయాడు. చెయ్యి చాలలేదు. చేతికర్ర పైకెత్తి మాను మీద ఆనించి, "ఇదిగోండి, ఇంకా పైకే" అన్నాడు. కాసేపాగి, "గాలనుకున్నామండీ. తలుపులు బిడాయించుకుని లోపల కూర్చున్నాం" అన్నాడు. ఆయన తుమ్మచెట్టుకు చిక్కుకుని బతికాడు. ఇంట్లో మరెవరూ బతకలేదు.

శ్రోతలారా, ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. గాలి వస్తే తలుపులు బిడాయించుకోవడం మా నూజివీడులో మేమూ చేసేదే. గాలికి అది సరైన పనే. నీళ్ళకు అదే ప్రాణాంతకం. తుపాను వస్తోందని రేడియో చెప్పింది, విన్నవాళ్ళు విన్నారు. సముద్రమే నడిచి వస్తుందన్నది మాత్రం వాళ్ళ ఊహకు అందలేదు. ఒకావా బడి పంతుళ్ళకు అందనట్టే. 1864 నాటి గీత ఒక్కటి గోడల మీద ఉండి ఉంటే, తాతలు పిల్లలను తీసుకెళ్ళి చూపించి ఉంటే, కొన్ని తలుపులైనా తెరుచుకునేవని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ నమ్మకానికి ఆధారం కూడా ఉంది. మొదట్లో చెప్పిన 1990 మే తుపాను బలంలో 1977 దానికి ఏమాత్రం తీసిపోదు. వచ్చింది కూడా అదే తీరానికి. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. ఒక్క ప్రాణం పోయినా నష్టమే గానీ, పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడా ఎక్కణ్ణించి వచ్చింది? హెచ్చరికలు మెరుగయ్యాయి. తీరం పొడవునా స్తంభాల మీద తుపాను షెల్టర్లు లేచాయి. లక్షల మందిని ముందే ఇళ్ళు ఖాళీ చేయించారు. అధికారులు లేవమంటే జనం లేచారు, ఎందుకంటే అప్పటికి ఉప్పెన జరిగి పదమూడేళ్ళే అయింది. ప్రతి ఇంట్లో దాన్ని కళ్ళారా చూసిన మనిషి ఉన్నాడు. గుట్టలు లేని ఆ సీమలో ఎక్కడానికి షెల్టరే గుట్ట. అయితే ఎక్కాలన్న బుద్ధి పుట్టాలంటే నీళ్ళ ఎత్తు మనసులో ఉండాలి.

పదమూడేళ్ళ జ్ఞాపకం వేరు, యాభై ఏళ్ళ జ్ఞాపకం వేరు. అంతకన్నా దగ్గరి సంగతే చూడండి. 2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. బందరు దగ్గర మంగినపూడి తీరంలో సముద్ర స్నానాలకు వెళ్ళిన జనం మీదికి సునామీ వచ్చింది. మన రాష్ట్రంలో ఆ రోజు వంద మందికి పైగా పోయారు. అక్కడ తీరం లోతు లేకుండా చాలా దూరం మెత్తగా సాగుతుంది, ఇసుక కూడా నల్లగా, ఒండ్రు కలిసి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ సముద్రం భయపెట్టేదిగా కనిపించదు. కార్తీక పౌర్ణమికి ఇప్పటికీ వేలమంది వెళ్తారు. మా నూజివీడు నుంచీ వెళ్తారు. వాళ్ళలో ఎంతమందికి ఆ ఆదివారం సంగతి తెలుసు?

బందరులో ఇప్పుడు తుపానులను కనిపెట్టే డాప్లర్ రాడార్ ఉంది. ఫోనుల్లో హెచ్చరికలు వస్తాయి. దివిసీమలో స్మారక స్తూపాలున్నాయి, నవంబరు 19న పూలమాలలు వేస్తారు. ఇవన్నీ అవసరమే. నేను అడిగేది వీటికి తోడుగా మరొకటి. ఊళ్ళో పిల్లవాడు రోజూ నడిచే దారిలో, బడి గోడ మీదో, బస్టాపు స్తంభం మీదో, షెల్టరు మెట్ల పక్కనో, నీళ్ళు వచ్చిన ఎత్తున ఒక నీలిగీత. దాని పక్కన తేదీ. దాని కింద ఒక బొమ్మల కథ: ఆ రోజు ఏం జరిగింది, ఎవరు ఎటు పరుగెత్తారు, ఎవరు ఎలా బతికారు.

బొమ్మల కథ చెప్పడం మన చేతకానిదా? చందమామ బొమ్మలు చూస్తూ చదువు నేర్చుకున్న తరాలు మనవి. శంకర్ గీసిన విక్రమార్కుడు భుజాన శవంతో నడుస్తుంటే ఊపిరి బిగబట్టి చూసినవాళ్ళం. 'డుంబు'ను గీసిన బుజ్జాయి, 'బుడుగు'కు రూపం ఇచ్చిన బాపు మనవాళ్ళు. బెజవాడలో విక్టోరియా జూబిలీ మ్యూజియానికి బాపు పేరు పెట్టుకున్నాం, సంతోషమే. బాపు తరువాతి తరం బొమ్మలు వీధిలోకి, గోడ మీదికి రావాలి. కదలలేని ముసలమ్మను భుజాన వేసుకుని షెల్టరు మెట్లెక్కే కుర్రవాడి బొమ్మ ఒకటి బడి గోడ మీద ఉంటే, అది చూసి పెరిగిన పిల్లలు హెచ్చరిక వచ్చిన రాత్రి ఏం చేయాలో ఎవరినీ అడగరు. పెడన అచ్చు చెక్కేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు పని కూడా కావాలి. కార్టూనిస్టులు ఉన్నారు. మా నూజివీడు ట్రిపుల్ ఐటీలో పల్లెల నుంచి వచ్చిన వేలమంది పిల్లలు ఇంజనీరింగ్ చదువుతున్నారు. ఏ ఊళ్ళో నేల ఎంత ఎత్తు, నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయి అన్నది కొలిచి గుర్తు పెట్టడం వాళ్ళకు ఒక సెలవుల పని.

ఎత్తు తెలుసుకోవడానికి పాత కాగితాలు వెతకాల్సిన పని కూడా ఇంకా రాలేదు. చూపించే మనుషులు ఉన్నారు. 1977లో పదేళ్ళున్న పిల్లలకు ఇప్పుడు అరవై దగ్గరపడింది. అప్పటికి పాతికేళ్ళున్నవాళ్ళు డెబ్బై దాటారు, వాళ్ళ సంఖ్య ఏటా తగ్గుతోంది. దివిసీమ, బందరు మండలాల పంచాయతీ పెద్దలకు, బడి పంతుళ్ళకు నా మనవి ఒక్కటే. వచ్చే నవంబరు 19న స్తూపం దగ్గర పూలమాల వేశాక, ఊళ్ళో మిగిలిన ఆ పెద్దవాళ్ళను బడికి పిలవండి. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పిల్లల ముందు చూపించమనండి. వాళ్ళు చూపించిన చోట, ఆ రోజే, గోడ మీద గీత గీయించండి.